సీలు మీద లేని కుంకుమ

వేములపల్లి దాటాక కాల్వ పక్కనున్న రేకుల షెడ్డులోకి వసంత అడుగు పెట్టేసరికి శుక్రవారం ఉదయం తొమ్మిదీ నలభై. సాయంత్రం నాలుగున్నరకు ఉపేందర్‌ను మెజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆమె చేతిలో ఏడు గంటలు కూడా లేవు. ఇందులో కోదాడకో సూర్యాపేటకో పరుగెత్తాల్సి వస్తే రోడ్డు మీదే సగం పొద్దు గడిచిపోతుంది.

వసంత సూర్యాపేటలో ప్రైవేటు డిటెక్టివు. అంతకుముందు ఇరవై రెండేళ్లు పోలీసు శాఖలో పనిచేసి, హెడ్ కానిస్టేబులుగా ఉండగా తనంతట తానే తప్పుకుంది. నలభై ఎనిమిదేళ్ల మనిషి. కళ్లజోడుకు దారం కట్టి మెడలో వేలాడేసుకుంటుంది, అనుమానం వస్తే తప్ప పెట్టుకోదు. షెడ్డులోకి వస్తూనే పెట్టుకుంది.

ఎదురుగా ఉన్నది వరికోత మిషను. టైర్లు కాకుండా చైన్ మీద నడిచే రకం. మంగళవారం మధ్యాహ్నం ఈ చైన్ కిందే జానయ్య ప్రాణం పోయింది. గొర్లు కాసుకునే మనిషి, అరవై రెండేళ్లు. షెడ్డుకు కూతవేటు దూరంలో పొలం బాట మీద దొరికాడు. బురదలో పడ్డ అచ్చులు ఈ చైన్‌వే. దాని సందుల్లో రక్తం ఉంది. మిషను ఉపేందర్‌ది, నడిపేదీ ఉపేందరే. ఇంకేం కావాలి? గురువారం సాయంత్రం పోలీసులు కోదాడ వెళ్లి, అత్తగారింట్లో ఉన్నవాడిని తీసుకొచ్చి మిర్యాలగూడలో కూర్చోబెట్టారు.

అతని భార్య కళ్యాణి ఏడుస్తూ వసంతకు ఫోన్ చేసింది. "మా ఆయన కోడిని కూడా కొయ్యలేరండి" అంది. ఇరవై రెండేళ్లలో ఇలాంటి మాటలు వసంత చాలా విన్నది. వాటిలో సగం అబద్ధాలు. కానీ ఆ పిల్ల గొంతు వెనక ఇంకో చిన్న గొంతు ఏడుస్తోంది, అందుకే ఒప్పుకుంది.

ఈ కేసులో మెలిక ఒక్కటే. మంగళవారం నాటికి ఉపేందర్ సెలవులో ఉన్నాడు.

సొంత మిషను నడుపుకునేవాడికి సెలవేమిటని ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వారు గానీ ఆ సెలవు నిజమే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు పట్నాల చుట్టూ సొంత పని చేసుకు బతికే దర్జీలు, ఆటోవాళ్లు, మిషన్లవాళ్లు కలిసి ఒక స్వయం ఉపాధి సంఘం పెట్టుకున్నారు. ఉద్యోగస్తులకైతే బిడ్డ పుడితే సెలవిచ్చేవాడొకడు ఉంటాడు. తమకెవరూ లేరు కాబట్టి నెలనెలా తలా కొంత వేసుకుని తమకు తామే ఇచ్చుకుంటున్నారు. తల్లికి మూడు నెలలు, తండ్రికి ముప్పై రోజులు. ఆ రోజుల్లో ఇల్లు గడవడానికి సంఘం భత్యం ఇస్తుంది. షరతు ఒక్కటే. సెలవులో పని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే భత్యమూ పోతుంది, సభ్యత్వమూ పోతుంది.

అందుకని సెలవు మొదలైన రోజున సంఘం సూపర్‌వైజరు ధనుంజయ్ స్వయంగా వస్తాడు. దర్జీ అయితే కుట్టుమిషను చక్రానికి, ఉపేందర్ లాంటివాడైతే మిషను లివరుకు తీగ చుట్టి, కరెంటు మీటరుకు వేసినట్టే తన సంచిలోని ప్లయరుతో సీసం సీలు నొక్కుతాడు. తాళంచెవి కవరులో పెట్టుకుని పోతాడు. తర్వాత వారానికోసారి ఇంటికొచ్చి సభ్యుడు పనికి పోకుండా బిడ్డ దగ్గరే ఉన్నాడో లేదో చూసి కార్డులో రాస్తాడు. షెడ్డు గోడకు ఒక కాగితం కూడా అంటిస్తాడు: 'ఈ యంత్రం సెలవులో ఉంది. నడిచినట్టు కనబడితే ఈ నంబరుకు ఫోన్ చేయండి.' ఆ కాగితం ఇంకా గోడ మీదే ఉంది.

వసంత మిషను చుట్టూ ఒకసారి తిరిగింది. కోత పళ్ల మధ్య పచ్చి గడ్డి ఇరుక్కుని ఉంది. ధాన్యం పడే డబ్బాలో అడుగున పిడికెడు వడ్లున్నాయి. ఇరవై నాలుగు రోజుల కింద కడిగి నిలబెట్టిన మిషనైతే ఇవి ఉండకూడదు. నడిచింది, అందులో సందేహం లేదు. నడిపిందెవరన్నదే ప్రశ్న.

పైకెక్కి సీటు ముందు కూర్చుంది. మిషన్లవాళ్లకు ఒక అలవాటుంది. మిషను ఆపేసి పక్కన పెడుతున్నారంటే ఊరికే ఆపరు. కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొడతారు. ఉపేందర్ ఆ పూజ ఘనంగానే చేశాడు. లైట్లకు బొట్టు, సీటు వెనక బొట్టు, ప్రతి లివరు నెత్తిన బొట్టు. సీలు తీగ చుట్టిన లివరుకైతే ఇటు పసుపు, అటు పసుపు, రెండు వేళ్లతో దట్టంగా పూసి ఉంది.

మధ్యలో సీలు మాత్రం అద్దంలా ఉంది. దాని మీద పసుపు లేదు, కుంకుమ లేదు. తీగ కూడా కొత్తగా మెరుస్తోంది.

ఆమె ఫోన్ తీసి, నిన్న కళ్యాణి పంపిన ఫొటో తెరిచింది. సెలవు మొదలైన రోజున ఉపేందర్ తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నది. 'నాతోపాటు మిషన్‌కు కూడ సెలవే' అని కింద రాసుకున్నాడు. ఫొటోలో సీలు నిండా పసుపు, నడిమధ్యన ఎర్రగా బొట్టు ఉన్నాయి. వసంత ఫోన్‌ను సీలు పక్కన పెట్టి రెండూ కలిపి ఇంకో ఫొటో తీసుకుంది.

"అక్కా, నేను తాళం ఏయించిన షెడ్డుల మీరెట్ల దూరిండ్రు?"

కిందినుంచి వచ్చిన ఆ గొంతు స్పెషల్ టీం ఇన్‌స్పెక్టర్ మహేశ్వర్‌ది. పన్నెండేళ్ల కింద అతను ట్రైనింగులో ఉన్న ఎస్సైగా వచ్చినప్పుడు పంచనామా ఎలా రాయాలో నేర్పింది వసంతే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తే. అందుకే ఒకరి మీద ఒకరికి కొంచెం ఎక్కువ మంట.

"మీ కానిస్టేబులే తీసిండు సార్. నేను దేన్నీ ముట్టలే, సూస్తున్న గంతే. అతన్నే అడగుండ్రి."

"సూసేదేమున్నది? రెండో తాళంచెవి దాసుకున్నడు. కోతల కాలం, మిషన్‌ను ఊకె నిలబెట్టి కూసోబుద్ధి గాలే. దొంగతనంగ నడిపిండు. జానయ్య సూసి, గోడ మీది నంబరుకు ఫోన్ చేసిండు. మంగళవారం పదకొండు పదికి. మా దగ్గర రికార్డున్నది. ఫిర్యాదు చేసినోన్ని తొక్కిచ్చిండు. ఖతం."

"ఆ ఫోన్ ఎత్తిందెవరు?"

"ఇంకెవరు, సూపర్‌వైజరు ధనుంజయ్ గారే."

"మరి సీలు సంగతేంది?"

"తీగ వదులు చేసి ఉంటడు."

వసంత కిందికి దిగి ఫోన్ అతని ముందు పెట్టింది. మహేశ్వర్ రెండు ఫొటోలూ చూశాడు. ఒకసారి కాదు, రెండుసార్లు చూశాడు.

"వానకు కడుక్కపోయిండొచ్చు" అన్నాడు.

"రేకుల కింద వాననా? పక్కన లివరు మీది పసుపు అట్లనే ఉండి, సీలు మీదిదొక్కటే కడుక్కపోయిందా? పాత సీలు కోసిండ్రు, కొత్తది నొక్కిండ్రు. తాళంచెవి రెండోది ఉండొచ్చు సార్. సీలు నొక్కే ప్లయరు మూడు పట్నాలకు కలిపి ఒక్కటే. అది ధనుంజయ్ సంచిల ఉంటది."

మహేశ్వర్ నవ్వాడు. "నాకు తెలుసు మీరు గక్కడికే వస్తరని. ధనుంజయ్ గారు మంగళవారం రెండుంబావుకు కోదాడల ఉన్నడు. ఉపేందర్ అత్తగారింట్ల. జానయ్య ఫిర్యాదు చేసిండు గద, నిజమో కాదో సూద్దమని పోయిండు. ఉపేందర్ లేడు. కళ్యాణి, పాప ఉన్నరు. పాపను ఎత్తుకోని, బరువు పెరిగింది తల్లీ అని కూడ అన్నడట. జాలిపడి, తండ్రి ఇంట్లనే ఉన్నడని కార్డుల రాసిండు. మర్డరని తెలిసినంక నా దగ్గరికొచ్చి, తప్పు రాసిన సార్ అని ఒప్పుకున్నడు. అసొంటి మనిషిని అనుమానిస్తరా?"

"ఉపేందర్ ఏమంటుండు?"

"ఇల్లు కదలలే అంటుండు. పెండ్లాం కూడ అదే పాట. మంగళవారం పొద్దంత వాని ఫోన్ బంద్. ఇద్దరూ అబద్ధమే." అతను మిషను వైపు చూసి పెదవి విరిచాడు. "అసలు మగోనికి పురిటి సెలవేందక్కా? గిదంతా అక్కడ్నుంచే మొదలైంది."

వసంతకు కోపం వచ్చింది. దాచుకోలేదు కూడా. "మీ కొడుకు పుట్టిన నాడు మీరు జాతర బందోబస్తుల ఉన్నరు. లీవు కాగితం నేనే రాసి తెచ్చిన. సంతకం పెట్టుండ్రి సార్ అంటే, నలుగురు నవ్వుతరు అన్నరు. పిల్లగాన్ని తొమ్మిదో రోజు సూసిండ్రు. ఉపేందర్‌ను కూడ నలుగురు నవ్విండ్రు. అతను పట్టించుకోలే, గంతే తేడా."

మహేశ్వర్ షెడ్డులోంచి బయటికి నడిచాడు. కానిస్టేబుల్‌ను పిలిచి షెడ్డుకు తాళం వేయమన్నాడు. పోతూ పోతూ, "నాలుగున్నర" అని మాత్రం గుర్తుచేశాడు.

పదిన్నరకు వసంత మిర్యాలగూడలోని సంఘం ఆఫీసుకు ఫోన్ చేసింది. అక్కడ గుమాస్తాగా ఉన్న పుష్పాబాయి ఎత్తింది. ఉపేందర్ కార్డు తీసి చూడమంటే తీసి చూసింది.

"మంగళవారం రెండుంబావు, తండ్రి ఇంట్లో ఉన్నాడు అని రాసుంది మేడం. సారు రాతే."

"పక్కన తల్లి సంతకం?"

"అది ఖాళీగున్నది. తతిమ్మా వారాలకు ఉన్నది." పుష్పాబాయి ఆగింది. "సారు ఇక్కడ్నే ఉన్నడు, పిలవమంటరా? మీరెవరని అడుగుతుండు."

"వద్దులే" అని వసంత పెట్టేసింది. పెట్టేశాక ఒక్క క్షణం ఆలోచించింది గానీ, ఆ ఆలోచన ఎక్కడిదాకా పోవాలో అక్కడిదాకా పోలేదు. జానయ్య ఇంటికి బయల్దేరింది.

జానయ్య భార్య సత్తమ్మ వాకిట్లో గొర్ల దొడ్డి పక్కన కూర్చుని ఉంది. మూడు రోజులుగా ఇంటికి వచ్చిపోయేవాళ్లతో అలసిపోయిన ముఖం. వసంత ఆమె పక్కనే కింద కూర్చుంది.

"అక్కా, మంగళవారం గొర్లు ఎన్ని గంటలకు ఇల్లు సేరినయ్?"

"మూడు కొట్టంగ. రోజు ఐదు దాటితే గని రావు. ఆయన లేకుంట అవ్వే వొచ్చినయ్. అప్పుడే నా గుండె దడదడ అన్నది సెల్లె."

మేత చోటు నుంచి ఇంటికి గొర్రె నడకన అరగంట. అంటే జానయ్య రెండున్నర లోపే పోయాడు. వసంత మనసులో వేసుకుంది.

"మిషన్ సంగతి ఏమన్న చెప్తుండెనా?"

"సోమవారం నాడు లొల్లి లొల్లి చేసిండు. ఉపేందర్‌కు ఏమైందే, ఇంత మొరటుగ ఎన్నడు నడపలే, మన గట్టు తెంపి పోయిండు అన్నడు. ముఖానికి తువ్వాల కట్టుకున్నడట, పిలిస్తే పలకలేదట. ఆ పిలగాడు మా పొలం కోసినప్పుడు గట్టు మీద గడ్డి కూడ నలగనియ్యడు సెల్లె. ఉపేందర్ నంబరు మా దగ్గర లేకపాయె. గోడ మీదుందని మంగళవారం దానికి చేసిండు."

"చేసినంక ఏమన్నడు?"

"ఆ సారు మంచిగ మాట్లాడిండని నాకు ఫోన్ల చెప్పిండు. మధ్యాన్నం నేనే వొస్త, ఎక్కడ తెంపిండో సూపియ్యి అన్నడట." సత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "వొచ్చిండో రాలేదో. గప్పటికే మావోడు పాయె."

"ఈ మాట పోలీసులకు చెప్పినవా?"

"గొర్లు ఎన్ని గంటలకొచ్చినయని వాళ్లు అడగలే. ఉపేందర్‌తోని పగ ఉన్నదా అన్నరు. లేదన్న. లేచి పోయిండ్రు."

ఒకటీ ముప్పై అయిదుకు మిర్యాలగూడలో, మహేశ్వర్ గదిలో, వసంత ఉపేందర్ ఎదురుగా కూర్చుంది. ఇరవై తొమ్మిదేళ్ల వాడు. రెండు రోజుల గడ్డం. కూర్చుని కూడా కుడిచేత్తో గాలిలో లేని లివరును పట్టుకున్నట్టు పిడికిలి బిగిస్తున్నాడు. బల్ల మీద పోలీసులు అతని దగ్గర తీసుకున్న పుస్తకం ఉంది. మహేశ్వర్ కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వినడానికి ఒప్పుకున్నాడు గానీ నమ్మడానికి కాదు.

అది మిషన్లవాళ్లు పెట్టుకునే డ్యూటీ పుస్తకం. ఎవరి పొలం, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆపింది అని గంటలు రాసుకుంటారు. సెలవు మొదలయ్యాక ఉపేందర్‌కు చేయి ఊరుకోలేదు. అదే పుస్తకంలో పాప లెక్క రాయడం మొదలుపెట్టాడు. '6-10 నుంచి 6-35 పాలు. నిద్ర.' '9-25 బట్ట మార్చిన.' '11-50 ఏడుపు, ఎందుకో తెలువదు.' పేజీల మీద పాల మరకలు, నూనె వేళ్ల ముద్రలు. ఒక చోట నీలం సిరా, ఇంకో చోట పెన్సిలు. అత్తగారు రంగనాయకమ్మ మొదట నవ్విందట. తర్వాత ఆమే, 'నాయనా, పాప ఎప్పుడు తాగిందో పుస్తకం చూడు' అని అడగడం మొదలుపెట్టింది.

చదువుతుంటే వసంతకు ఆ కుర్రాడి మీద ఇష్టం కలిగింది. మంగళవారం పేజీ దగ్గరికి వచ్చేసరికి ఆ ఇష్టం కాస్త వెనక్కి తగ్గింది.

"ఉపేందర్, ఈ పేజీ ఎప్పుడు రాసినవ్?"

"మంగళవారమే మేడం."

"పది గంటలకు పాలు. పన్నెండుకు పాలు. రెండుకు నిద్ర. నాలుగుకు పాలు. ఇరవై మూడు రోజులు నీ పాప పది నిమిషాలు అటు, అయిదు నిమిషాలు ఇటు ఏడ్సింది. మంగళవారం ఒక్కనాడు గంట కొట్టినట్టు ఏడ్సిందా?"

ఉపేందర్ తల దించుకున్నాడు.

"ఒక్కటే పెన్ను, ఒక్క మరక లేదు. ఇగో, కుట్టు దగ్గర ఒక కాగితం చింపిన అంచున్నది. చింపిందాంట్ల ఎవరి రాత ఉండె?"

"మా అత్తది" అన్నాడు. "చింపి పొయ్యిల పెట్టిన."

"అంటే నువ్వు ఇంట్ల లేవు."

మహేశ్వర్ కిటికీ దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకు వేశాడు. "నేనేం చెప్పిన అక్కా?"

"వాన మబ్బు పట్టింది మేడం" అన్నాడు ఉపేందర్. అతని కళ్లు వసంతను వదల్లేదు. "సూర్యాపేట దిక్కు మా దోస్తు మధుసూదన్ మిషన్ నడి పొలంల ఆగిపోయింది. బెల్టు పోయింది. మెకానిక్ రెండ్రోజులదాక రానన్నడు. ఆ రైతుది అయిదెకరాల వరి, పడిపోయి ఉన్నది. పొద్దుగాల పదింటికి పోయిన, నాలుగింటిదాక బాగు చేసి ఇచ్చిన. రూపాయి ముట్టలే. ఆడ పదిమంది కూలీలున్నరు, అడగుండ్రి. కాని పని పనే గద. తెలిస్తే సెలవు పోతది. కళ్యాణికి ఆపరేషనైంది, ఇంకా వంగలేదు. నేను మిషన్ ఎక్కితే పాపను పట్టుకునేటోళ్లు లేరు. మా అత్తకు ఒక చెయ్యి సరిగ లేవదు."

పది రూపాయల తప్పు దాచబోయి హత్యను నెత్తికెత్తుకున్నాడు. వసంతకు అతన్ని లాగి ఒకటి కొట్టాలనిపించింది.

"ఫోన్ ఎందుకు బంద్ పెట్టినవ్?"

"బంద్ పెట్టుమన్నడు."

"ఎవరు?"

"ధనుంజయ్ సారు. పోయేముందు ఆయన్నే అడిగిన మేడం, దొంగతనంగ పోవుడెందుకని. పోయిరా, ఒక్కపూటకేం గాదు, నేను సూసుకుంట, కార్డుల ఇంట్లనే ఉన్నవని రాస్త అన్నడు. జానయ్య పోయినంక బుధవారం నాడు మళ్ల ఫోన్ చేసిండు. ఎవరడిగినా ఇల్లు కదలలేదనే చెప్పు, మాట మార్చకు, లేకుంటే నా కొలువు కూడ పోతదన్నడు. దేవునసొంటి మనిషి. ఆయన్ని ఇరికియ్యొద్దని నోరు మూసుకున్న."

వసంత పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"ఉపేందర్, నువ్వు మంగళవారం ఇంట్ల లేవని ఈ సారుకు చెప్పింది ఎవరో తెలుసా? ధనుంజయే. నిన్ను ఇంట్లనే ఉన్ననని చెప్పుమన్నడు. నువ్వు అబద్ధమాడుతున్నవని ఇక్కడ చెప్పిండు."

ఉపేందర్‌కు ఆ మాట వెంటనే ఎక్కలేదు. ఎక్కాక పిడికిలి విడిపోయింది.

వసంత మహేశ్వర్ వైపు తిరిగింది. "సార్, జర లెక్క సూడుండ్రి. మిషన్‌లు సెలవుల ఉంటయి. తాళంచెవులు ఆయన దగ్గర, ప్లయరు ఆయన దగ్గర. కోతల కాలం, గంటకింత అని కిరాయి. సీలు కోసుడు, నడుపుడు, మళ్ల నొక్కుడు. జానయ్య నంబరుకు ఫోన్ చేసిండు. దొంగతనం చేసేటోనికే దొంగతనం జరుగుతున్నదని చెప్పిండు. మధ్యాన్నం వస్త, గట్టు సూపియ్యి అని పిలిచింది కూడ ఆయనే. సత్తమ్మ చెప్తది. ఉపేందర్ ఇంట్ల ఉండడని ఆయనకు ముందే తెలుసు, పంపిందే ఆయన."

"కాని ఆయన కోదాడల ఉన్నడు" అన్నాడు మహేశ్వర్. గొంతులో ఉదయం ఉన్న ధీమా లేదు. "పాపను ఎత్తుకున్ననని చెప్పిండు."

"అది అడుగుదం."

రెండూ ఇరవైకి వసంత ఫోన్‌ను స్పీకరులో పెట్టి కళ్యాణికి కలిపింది.

"కళ్యాణీ, మంగళవారం మధ్యాన్నం ధనుంజయ్ సారు మీ ఇంటికి వచ్చిండా?"

"మంగళవారమా మేడం గారూ..." ఆ పిల్ల నసిగింది.

ఉపేందర్ బల్ల మీదికి వంగాడు. "కళ్యాణీ, నేనే. సూర్యాపేట పోయింది చెప్పేసిన. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"అయితే చెప్తానండి. ఆ రోజు ఇంట్లో ఎవ్వరం లేము. పాప కళ్లు పచ్చగా కనబడుతున్నాయని, ఒంటిగంటన్నరకే నేనూ అమ్మా ఆసుపత్రికి తీసుకెళ్లాం. తాళం వేసే వెళ్లాం. వచ్చేసరికి నాలుగైంది. ఓపీ చీటీ ఉంది, టైము కూడా కొట్టారు. రెండూ అయిదు."

మహేశ్వర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తాళం వేసిన ఇంట్లో, ఆసుపత్రిలో ఉన్న పాపను, ధనుంజయ్ ఎలా ఎత్తుకున్నాడో ఇక ఎవరూ అతనికి విడమరచి చెప్పనక్కర్లేదు.

"ఆ చీటీ జాగ్రత్త" అంది వసంత. "ఎవ్వరికీ ఇయ్యకు."

"పాప సంచిలోనే ఉందండి." కళ్యాణి గొంతు బాగా తగ్గించింది. "కానీ మేడం గారూ, ధనుంజయ్ గారు ఇప్పుడు ఇక్కడే ఉన్నారు. పావుగంటైంది వచ్చి. మంగళవారం కార్డు మీద సంతకం మిగిలిపోయిందట, పెట్టమంటున్నారు. అమ్మ బజారుకెళ్లింది. పాప ఏడుస్తుంటే ఆయనే ఎత్తుకుని ముందు గదిలో తిప్పుతున్నారు. నాకివ్వండి అంటే, ముందు సంతకం పెట్టు తల్లీ అంటున్నారు. నేను వంటింట్లోంచి మాట్లాడుతున్నాను. పెట్టమంటారా?"

వసంతకు అప్పుడు వెలిగింది. పొద్దున పదిన్నరకు, కార్డు మీద తల్లి సంతకం ఉందా అని అడిగింది తనే. ఆ ఒక్క ప్రశ్నే అతన్ని కోదాడకు పంపింది. పోలీసు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్ల కూడా చేయని తప్పు చేసింది.

"ఏం రాసుందమ్మా దాని మీద?"

"రెండుంబావుకు వచ్చానని. ఇదివరకున్నది కొట్టేసి, మా ఆయన ఇంట్లో లేరని."

కళ్యాణి సంతకం పెడితే కట్టుకున్న భార్యే మొగుడి మీద సాక్ష్యం చెప్పినట్టు. ఆ సంగతి ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

"పెట్టు" అంది వసంత.

"మేడం గారూ..."

"పెట్టి పాపను తీసుకో. చీటీ మాట ఎత్తకు. ఫోన్ కట్ చేయకుండ కొంగుల పెట్టుకో. పో తల్లీ."

మహేశ్వర్ అప్పటికే రెండో ఫోన్‌లో కోదాడ పోలీసులతో మాట్లాడుతున్నాడు. ఇంటి గుర్తులు ఉపేందర్ చెబుతుంటే అతను అక్కడికి చెబుతున్నాడు. "వాళ్లు ఆడికి పోయేసరికి పది నిమిషాలు పడుతది" అన్నాడు వసంతతో.

బల్ల మీది ఫోన్‌లోంచి అడుగుల చప్పుడు, కాగితం చప్పుడు వచ్చాయి. తర్వాత మెత్తని, మర్యాదైన మగ గొంతు: "గంతే తల్లీ. దీంతోని ఏం గాదు."

"పాపనివ్వండి."

తర్వాత పాప ఏడుపు ఫోన్‌కు బాగా దగ్గరగా వచ్చింది. తల్లి దగ్గరికి చేరింది. ఉపేందర్ రెండు చేతుల్లో ముఖం దాచుకుని పైకే ఏడ్చాడు. వసంత అతని భుజం మీద చెయ్యి వేసింది.

ఫోన్‌లో ఆ మెత్తని గొంతు మళ్లీ వినబడింది.

"ఇంకొక్క మాట తల్లీ. మంగళవారం మీరు తాళమేసి ఎక్కడికో పోయిండ్రని పక్కింటోళ్లు అంటున్నరు. దవాఖానకేనా? చీటీ ఏమన్న ఇచ్చిండ్రా?"

కళ్యాణి ఏం చెప్పిందో వినబడలేదు. వినబడింది మగ అడుగులు వీధి తలుపు దాకా పోయిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు, ఆ వెనకే లోపలి గడియ పడిన చప్పుడు.

మహేశ్వర్ లేచాడు. నిన్నటి నుంచి ఉపేందర్‌ను చూసిన చూపు ఇప్పుడు అతని ముఖంలో లేదు.

"కోదాడకు దగ్గరి తొవ్వ ఏది?"

"కాల్వ కట్ట మీదుగ సార్" అన్నాడు ఉపేందర్, కన్నీళ్లు తుడుచుకోకుండానే లేస్తూ.

మహేశ్వర్ జీపు తాళంచెవి జేబులోంచి తీసి అతని చేతిలో పెట్టాడు.